వేలెడు పక్కకి

“ఆ పెన్ను మూత పెట్టు ముందు.”

“పెడతానండి, ఇంకొక్క సీసా ఉంది.”

“ఒకటీ లేదు, రెండూ లేదు. ఇంట్లో కాగితాలు లేవా? సీసాకి కాగితం అంటించి రాసుకుంటే అరిగిపోతావా?”

“కాగితానికి నూనె పట్టి ఊడిపోతుందని కిందటేడు మీరే కదండీ తిట్టారు.” మా కోడలు పద్మ ఆవకాయ సీసా మీద పేరు రాయడం ఆపలేదు. “అయినా గొడవ పెన్ను గురించి కాదు అత్తయ్యగారూ. మొన్న ప్రార్థనలో ఎస్తేరుగారు అన్న మాట మీకు గుచ్చుకుంది. ఆ కోపం నా మీద తీర్చుకుంటున్నారు.”

“ఏమందేం?”

“‘మా అమ్మ చేజేతులా చేసుకుంది’ అన్నారు, అంతమందిలో. మీరు పక్కనే తల వంచుకుని కూర్చున్నారు.”

“లేచి నిలబడి మాట్లాడమంటావా నన్ను?”

“అప్పుడు వద్దులెండి. ఇప్పుడు చెప్పండి. నాకు చెప్పినట్టే ఆవిడకీ చెప్పండి.”

“చెబితే పోయినావిడ లేచొస్తుందా?”

“పోయినావిడ కోసం కాదండి, ఉన్నావిడ కోసం. కన్నతల్లి మీద అంత కోపం పెట్టుకుని ఎన్నాళ్లుంటారు?”

“నీకు తెలియదు. ఊరుకో.”

“నేను ఊరుకుంటానండి. మీరే ఊరుకోలేకపోతున్నారు.”

ఆ వాసన మీకూ తెలిసే ఉంటుంది. అట్టపెట్టెల మీద పేర్లు రాసే లావుపాటి పెన్ను మూత తీయగానే ముక్కులోకి దూరి, నుదుటి వెనకాల కాసేపు నిలబడే వాసన. ఆ వాసన తగిలితే నాకు ఏలూరులో ఒక ఆదివారం ఉదయం కళ్లముందుకొస్తుంది. ఉక్కపోత, కరెంటు లేని గది, ఒక పెద్దావిడ పొట్ట మీది పలచటి చర్మం. ఆరేళ్ల కిందట అలాంటి పెన్నుతోనే సరోజినమ్మగారి పొట్ట మీద నేనొక గుర్తు గీశాను. ఉండవలసిన చోట గీయలేదు. నేను, పద్మ ఆ రోజు పోట్లాడుకునే వేళకి ఆ సంగతి ఆవిడ కూతురు ఎస్తేరుకి తెలియదు. తల్లే గీసుకుందని అనుకుంటోంది. అలా అనుకోనిచ్చినదాన్ని నేను.

సరోజినమ్మగారిని ఎరగనివాళ్ల కోసం ఆవిడ ఎవరో ముందు చెప్పాలి. తాడేపల్లిగూడెంలో క్రైస్తవ మిషనువాళ్ల ఆవరణలో ఆడవాళ్లకి కుట్టుపని నేర్పే బడి ఒకటుండేది. రేకుల షెడ్డు, ఎనిమిది చేతిమిషన్లు, గోడకి ఒక పెద్ద అద్దం. అక్కడ ఆవిడ టీచరు. నేను పెంటపాడులో నాలుగో తరగతితో బడి మానేసిన దాన్ని. మెట్టినింటివాళ్లకి గూడెంలో బట్టల కొట్టుండేది. మా ఆయన ఆరోగ్యం చెడి కొట్టు మూతపడ్డాక, చంకలో పిల్లాణ్ని వేసుకుని ఆ షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. మా అత్తగారు అప్పటికి వారం నుంచీ నాతో మాట్లాడటం లేదు. గజాల లెక్కన గుడ్డ చింపి అమ్మిన ఇంటి కోడలు ఒకరి జాకెట్టు కుట్టడమేంటని ఆవిడ బాధ.

సరోజినమ్మగారు నన్ను పేరు కూడా అడగలేదు. మెడలోంచి టేపు తీసి చేతికిచ్చి, “నన్ను కొలువు” అన్నారు. నేను కుడిభుజం కొలిచాను, కుడిచెయ్యి కొలిచాను, కాగితం మీద అంకెలు వేసి ఇచ్చాను.

“రెండో వైపు?”

“రెండూ ఒకటే కదండీ.”

ఆవిడ నవ్వారు. నన్ను అద్దం ముందుకి లాక్కెళ్లి పక్కన నిలబడ్డారు. “సరిగ్గా చూడు. పదిహేనేళ్ల నుంచీ మిషను చక్రం తిప్పుతున్న చెయ్యిది. నా కుడిభుజం కిందికి లేదూ? నీ నడుం చూసుకో. బిడ్డనెత్తుకుని ఎడమకి ఒరిగింది. దేవుడు మనుషుల్ని గుడ్డ మడతపెట్టి కత్తిరించలేదే, రెండు పక్కలా ఒక్కలా రావడానికి. ఎవరి ఒళ్లు వాళ్లదే. రెండు వైపులా కొలువు.”

నేనావిడ దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అదే. అది వచ్చేసిందని అనుకున్నాను.

నేను పిసినారినని మా ఇంట్లో అందరూ అంటారు. అననివ్వండి. దారప్పోగు వృథా చేస్తే నాకు నిద్రపట్టదు. అప్పట్లోనూ అంతే. ఒకసారి ద్వారకా తిరుమలలో పూల కొట్టు పెట్టుకున్నావిడ జాకెట్టు ముక్క మీద నేను సుద్దతో వేసిన మెడ గుర్తు చెరిగిపోయింది. చేతివాటున మళ్లీ గీసేసి కత్తెర తీసుకున్నాను. సరోజినమ్మగారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

“కొలిచి గీశావా?”

“నాకు గుర్తుందండి.”

“నీకు గుర్తుందని గుడ్డకి తెలుసా? బస్సెక్కి వెళ్లి కొలుచుకునిరా.”

“ఒక్క గుర్తు కోసం కొండ దాకా ఎందుకండీ! చార్జీలు దండగ.”

“నీకది ఒక్క గుర్తే. ఆవిడకదే మెడ.”

తిట్టుకుంటూ వెళ్లాను. జనం తోసుకుంటున్న కొట్లో, మూరలు కొలిచి అమ్ముతున్న మనిషిని ఆపి మళ్లీ కొలిచాను. ఆవిడ విసుక్కుని, చివరికి నా చేతిలో కనకాంబరాలు పెట్టి పంపింది. తిరిగొచ్చి చూసుకుంటే నేను గీసిన గుర్తుకీ అసలు కొలతకీ అర అంగుళం తేడా ఉంది. సరోజినమ్మగారు అది చూశారు. నా చేతిలో పూలు తీసుకుని, “మా ఎస్తేరుకి పెడతానివి” అన్నారు.

ఆ పనితోనే నేను మా ఆయన మందులు కొన్నాను, ఇద్దరు పిల్లల్ని చదివించాను. ఆవిడ పంపిన బేరాలే సగం. షెడ్డు మూసేశాక ఏలూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఎస్తేరు టీచరు. కొల్లేటి లంకల్లో ఒక బళ్లో పని. పొద్దున్నే చేపల లారీల మధ్య రోడ్డు మీద నిలబడి బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. తల్లీ కూతురూ ఒకరికొకరు.

డెబ్బై దాటాక సరోజినమ్మగారికి కడుపులో పుండు క్యాన్సరని తేలింది. ఆపరేషను చేసి కడుపులో కొంత ముక్క తీసేశారు. తరవాత విజయవాడలో ఒక పెద్దాసుపత్రిలో అయిదు వారాలు కరెంటు పెట్టాలన్నారు. మా వైపు రేడియేషన్‌ని అలాగే అంటాం. వారానికి అయిదు రోజులు రైల్లో వెళ్లి రావాలి. ఎస్తేరుకి సెలవులు ఆపరేషనుకే అయిపోయాయి. “నేను తీసుకెళతాను” అని గూడెం నుంచి పెట్టె సర్దుకుని వెళ్లాను. ఎవరూ పిలవలేదు. పిలిపించుకుని వెళ్లే రుణం కాదది.

డాక్టరు మా అబ్బాయికంటే చిన్నవాడు. నా నాలుగో తరగతికి కూడా అర్థమయ్యేలా చీటీ వెనక బొమ్మ గీసి చెప్పాడు. “కిడ్నీలు వెనకాల, వీపు వైపు ఉంటాయండి. ఈవిడకి ఎడమది ఎప్పుడో రాళ్లతో ఎండిపోయింది. పనిచేసేది కుడిదొక్కటే. దాని మీద కరెంటు పడకుండా చూడాలి. పడిందనుకోండి, ఆ రోజు ఏమీ తెలియదు. నొప్పుండదు, కాలదు. ఏడాదికో రెండేళ్లకో బీపీ పెరుగుతుంది, కాళ్లు వాస్తాయి. అప్పుడు మనం చేయగలిగేది తక్కువ. అందుకే ఇన్ని రోజులు కంప్యూటర్లో లెక్కలు వేసి, దానికి దూరంగా దారి చూసుకున్నాం.”

“కొలతలు బాగా తీశారన్నమాట బాబూ,” అన్నారు సరోజినమ్మగారు.

“ఆయ్, మీకంటే బాగా తీశాంలెండి,” అని నవ్వాడు. ఆవిడ పని ఏమిటో అప్పటికే తెలుసుకున్నాడు.

కరెంటు పెట్టే మిషను దగ్గరమ్మాయి ఆవిడ పొట్ట మీద ఊదారంగు సిరాతో మూడు చోట్ల కూడిక గుర్తులు వేసింది. కుడిపక్కన ఒకటి, ఎడమపక్కన ఒకటి, ముందు ఒకటి. చెరగకుండా పైన పారదర్శకంగా ఉండే టేపు అంటించింది. గోడల్లోంచి వచ్చే ఎర్రటి వెలుగుగీతలు రోజూ ఆ గుర్తుల మీద పడేలా మనిషిని పడుకోబెడతారట. “సబ్బు పెట్టకండి, రుద్దకండి. చెరిగితే మాత్రం మీరు గీయొద్దు మామ్మగారూ. ఫోన్ చెయ్యండి, లేదా వచ్చెయ్యండి. మళ్లీ స్కానింగు తీసి మేమే వేస్తాం,” అని నాకే చెప్పింది. రెండుసార్లు చెప్పింది.

నేను విన్నాను. వింటూనే ఆవిడ పొట్ట కేసి చూశాను. ముందువైపు గుర్తు పొట్ట నడిమధ్యన ఉన్న ఆపరేషను కుట్టు మీద లేదు. వేలెడు ఎడమగా ఉంది. బయటికొచ్చాక చెప్పాను: “ఆ అమ్మాయి సెంటరు సరిగ్గా పట్టలేదండీ.”

“ఊరుకోవే. ఎవరి పని వాళ్లకి తెలుసు,” అన్నారావిడ.

మిగతావన్నీ నేను వాళ్లు చెప్పిన దానికంటే ఎక్కువే చేశాను. కరెంటుకి మూడు గంటల ముందు నుంచి ఏమీ తిననిచ్చేదాన్ని కాదు. కడుపు రోజూ ఒకే తీరుగా ఉండాలట, లేకపోతే లోపలివి జరుగుతాయట. వచ్చాక నీళ్లు తాగించేదాన్ని. ఆ వీధి బోరునీళ్లు ఉప్పగా ఉంటాయని డబ్బా నీళ్లు కొనేవాళ్లు. నా ఇంట్లో గ్లాసు అడుగున మిగిలిన నీళ్లు తులసికోటలో పోసే నేను, అక్కడ చెంబు పట్టుకుని ఆవిడ వెంటపడేదాన్ని. ఒకరోజు వీపునొప్పిగా ఉందంటే మందుల కొట్టుకి వెళ్లాను. కొట్టతను ఏదో మాత్రల అట్ట చేతిలో పెట్టాడు.

“కిడ్నీకి పడుతుందా ఇది? డాక్టరు నొప్పి మాత్రలు అడక్కుండా వేయొద్దన్నాడు.”

“అందరూ వేసుకునేదేనండి మామ్మగారూ, ఏమవ్వదు.”

“అందరికీ రెండేసి ఉన్నాయి బాబూ. మా ఆవిడకి ఒక్కటే.”

అట్ట వెనక్కిచ్చేసి, డాక్టరుకి ఫోన్ చేసి అడిగాకే వేరే మాత్ర తెచ్చాను. ఇంటికొచ్చి ఈ మాట చెబితే ఎస్తేరు నన్ను పట్టుకుని, “మీరు లేకపోతే అమ్మ ఏమైపోయేది పిన్నీ!” అంది. ఆ మాట నాకు బాగుంది. ఎక్కువ బాగుంది. పొగడ్త తిన్నవాళ్లకి చూపు మందగిస్తుందని ఇప్పుడు తెలుస్తోంది.

మూడో వారం. శనివారం పొద్దుటి నుంచీ కరెంటు వస్తూ పోతూ ఉంది. ఉక్కకి ఆవిడ చెమటతో తడిసిపోయారు. ఆదివారం ఎస్తేరు చర్చికి వెళ్లాక, వాంతుల మాత్ర మగతలో పడుకున్న ఆవిడ ఒళ్లు తడిగుడ్డతో తుడుస్తున్నాను. ముందు గుర్తు మీది టేపు ఊడి చీరకుచ్చిళ్లకి అంటుకుని ఉంది. దాని జిగురు చర్మం మీద నల్లగా మట్టి పట్టి, చూడటానికి చీదరగా ఉంది. వేలికి కొబ్బరినూనె రాసుకుని ఆ జిగురు తీశాను. జిగురుతో పాటు సిరా వచ్చేసింది. ఊదారంగు మరక కొంచెం మిగిలింది, కుట్టుకి ఎడమగా. దాన్నీ తుడిచేశాను. మరక కదా అని. మరకను ఉండనిచ్చే అలవాటు నాకు లేదు.

అప్పుడు చూసుకున్నాను, గుర్తు లేదు. ఆ అమ్మాయి చెప్పిన మాట గుర్తుకు రాలేదని అబద్ధమాడను. వచ్చింది. ఫోన్ నంబరు గోడ మీద క్యాలెండరు పక్కనే ఉంది. చెబితే ఏమవుతుందో లెక్క వేసుకున్నాను. మళ్లీ స్కానింగు. మళ్లీ నాలుగయిదు రోజులు ఆగడం. సిలబస్ ముగింపు రోజులు, ఎస్తేరు మళ్లీ హెడ్మాస్టరుగారిని సెలవు కోసం బతిమాలుకోవాలి. అన్నిటికంటే, నా చేతిలో చెరిగిందని ఆ చిన్నపిల్ల ముందు నేను నిలబడాలి. నలభై ఏళ్లు టేపు పట్టిన దాన్ని.

నా సంచిలో కొలతల టేపు ఎప్పుడూ ఉంటుంది. పక్క గుర్తు నుంచి పక్క గుర్తుకి పొట్ట మీదుగా కొలిచాను. టేపు సగానికి మడిచాను. మడత వచ్చి ఆపరేషను కుట్టు మీద పడింది. చూశావా, నేననుకున్నదే, సెంటరంటే ఇది, ఆ పిల్లే వంకరగా వేసిందనుకున్నాను. ఎత్తు తప్పకుండా రెండు గుర్తుల మధ్యా దారం లాగి పట్టుకున్నాను. ఎస్తేరు బడి చార్టులు రాసుకునే పెన్ను ఊదారంగుది బల్ల మీద ఉంది. మూత తీశాను.

“ఏం చేస్తున్నావే?” కళ్లు తెరవకుండానే అడిగారు.

“గుర్తు కాస్త చెరిగిందండి. దిద్దుతున్నాను.”

“కొలిచావా?”

“కొలిచాను.”

“సరే అయితే,” అని మళ్లీ మగతలోకి వెళ్లిపోయారు.

పైన కొత్త టేపు ముక్క అంటించాను. అసలుదానికంటే నా గుర్తే చక్కగా ఉందనిపించింది.

సోమవారం, మంగళవారం, బుధవారం. మూడు రోజులూ కరెంటు పెట్టేటప్పుడు తలుపు మీద ఎర్రలైటు వెలిగింది, ఆరింది. నేను బయట బల్ల మీద ఆవిడ చెప్పులు పట్టుకుని కూర్చున్నాను. గురువారం వారానికోసారి ఫోటో తీసి సరిచూసుకునే రోజు. ఆ రోజు ఎర్రలైటు వెలగలేదు. డాక్టరు గబగబా లోపలికి వెళ్లాడు. కాసేపటికి ఆ అమ్మాయి తలుపు తీసి, “మామ్మగారూ, లోపలికి రండి,” అంది. గొంతు మారింది.

సరోజినమ్మగారు బల్ల అంచున దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నారు. డాక్టరు కోపంగా లేడు. భయపడినట్టున్నాడు. అదే నన్ను ఎక్కువ కదిలించింది.

“ఈ గుర్తు మాది కాదండి. మాది ఎడమ పక్కకి ఉంటుంది. కావాలనే అలా వేశాం, కుడి కిడ్నీకి దూరంగా ఉండాలని. ఇది వేలెడు కుడికి జరిగింది. ఎవరు గీశారు?”

నా చేతిలో ఫైలుంది.

“నేనేనండి,” అన్నారు సరోజినమ్మగారు. “చెరిగిపోయింది. అద్దంలో చూసి నేనే గీసుకున్నాను. పాత టైలరుని కదా, చెయ్యి ఊరుకోదు.”

“చదువుకున్నవారు, మీరిలా చేస్తే ఎలాగండీ!” అని ఆ కుర్రాడు ఆవిడని చిన్నపిల్లని మందలించినట్టు మందలించాడు. ఆవిడ తల ఊపుతూ విన్నారు. “తప్పేనండి, తప్పే” అన్నారు. నేను ఫైలు గుండెలకి అదుముకుని నిలబడ్డాను. ఒక్కమాట చాలు. “నేను” అంటే చాలు. అనలేదు.

రైల్లో ఆవిడ కిటికీ పక్కన కూర్చున్నారు. పొలాలు దాటుతుంటే అడిగాను: “అలా ఎందుకు చెప్పారండీ?”

“నీ పేరు చెబితే రేపటి నుంచి నిన్ను రానివ్వొద్దంటారేమోనని. ఇంకెవరొస్తారే నాతో? ఎస్తేరు ఉద్యోగం మానుకోవాలా?” అన్నారు. నన్ను కాపాడారని నేననుకున్నాను. ఆవిడ తన దారి చూసుకున్నారంతే. కాసేపయ్యాక నా వైపు తిరిగారు. “కొలిచానన్నావు.”

“కొలిచాను. సగానికి మడిచాను.”

“మడిచావా?” ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఎరిగిన ఇన్నేళ్లలో అదే మొదటిసారి. “నేను జాకెట్టునటే రత్నం? నాకు ఒకవైపు ఉంది, ఒకవైపు లేదు. ఆ మాట ఆ కుర్రాడు బొమ్మ గీసి మరీ చెప్పాడు కదా.”

ఏలూరులో దిగేటప్పుడు మామూలుగానే చెయ్యి చాచారు, పట్టుకోమని. ఇంట్లో ఎస్తేరుకి కూడా అదే చెప్పారు, తానే గీసుకున్నానని. ఎస్తేరు పెద్దగా అరిచింది. “బుద్ధుందా అమ్మా నీకు!” అంది. నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. నీళ్లు తేరిపోయినా కడుగుతూనే ఉన్నాను.

మళ్లీ స్కానింగు తీశారు, గుర్తులు వేశారు, మిగిలిన రోజులు పూర్తయ్యాయి. నేను గూడెం వచ్చేశాను. మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడాది మధ్యలో కొత్త జాకెట్టు కుట్టి తీసుకెళితే ఆవిడకి చేతులు పట్టలేదు. నా కొలతలో తప్పేమోనని మళ్లీ కొలిచాను. చెయ్యి చుట్టుకొలత పెరిగింది. వేలితో నొక్కితే గుంట పడి నిలిచిపోయింది. రక్తపరీక్షలు, బీపీ మందులు, చివరికి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆ ఒక్క కిడ్నీ అలిసిపోయింది.

నేను ఒంటరిగా ఆ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఎవరికో తెలిసినవాళ్లకన్నట్టు అడిగాను: “మూడు రోజులు గుర్తు తప్పితే కిడ్నీ పోతుందా బాబూ?” అతను ఎవరి గురించో గ్రహించాడు. “మూడు రోజులకి అంత నష్టం సాధారణంగా ఉండదండి. ఆవిడకి వాడిన క్యాన్సరు మందులున్నాయి, బీపీ ఉంది, వయసుంది. దీనివల్లేనని చెప్పలేం.”

“దీనివల్ల కాదని చెప్పగలరా?”

“అదీ చెప్పలేనండి.”

అబద్ధం చెప్పనందుకు ఆ కుర్రాడంటే నాకు గౌరవం. కానీ అప్పటి నుంచీ ఆ రెండు మాటల మధ్యే బతుకుతున్నాను.

డయాలసిస్ మొదలైన పది నెలలకి సరోజినమ్మగారు పోయారు. ఆ పది నెలలూ ఎస్తేరు బడికీ ఆసుపత్రికీ మధ్య నలిగిపోయింది. అలిసిపోయిన మనిషికి ఎవరి మీదో ఒకరి మీద కోపం రావాలి. దానికి తల్లి మీద వచ్చింది. “ఊరందరికీ కొలిచి గీయమని చెప్పింది కదా పిన్నీ, తన ఒంటి దగ్గరికొచ్చేసరికి ఏమైంది?” అని నా దగ్గరే ఏడ్చేది. తల్లి మంచం మీద వింటూ ఉండగానే అనేది. ఆవిడ పైకప్పు చూస్తూ పడుకునేవారు. ఒక్కసారి నా వైపు చూసినా నేను చెప్పేసేదాన్నేమో. చూడలేదు. ఏటేటా జ్ఞాపకార్థ ప్రార్థనలో ఎస్తేరు ఆ మాటే అంటూ వచ్చింది, ఈసారి అంతమందిలో.

ఇప్పటికీ ఒకరిద్దరు జాకెట్లు తెచ్చి ఇస్తారు. రెండు వైపులా కొలుస్తాను. చెరిగితే మళ్లీ పిలిపిస్తాను. చాదస్తం ఎక్కువైందంటారు. పని నేర్పినావిడ నాకు ఇచ్చింది చాదస్తం కాదు, ఎదుటి మనిషి ఒంటి మీద మన లెక్క రుద్దకూడదనే భయం. ఆ భయం కావలసిన రోజున లేక, అక్కరలేని రోజుల్లో ఉండి ఏం లాభం?

పద్మతో గొడవైన మర్నాడు పొద్దున్న నేను ఏలూరు వెళ్లాను. ఎస్తేరు బడికి తయారవుతోంది. గుమ్మంలో నన్ను చూసి, “ఏంటి పిన్నీ, ఇంత పొద్దున్నే! రండి, ఇడ్లీలు వేడిగా ఉన్నాయి,” అంది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. జిగురు, కొబ్బరినూనె, టేపు మడత, దాని పెన్ను, ఆసుపత్రిలో వాళ్లమ్మ అన్న మాట, నేను అనని మాట. మధ్యలో ఆపకుండా చెప్పాను.

ఎస్తేరు క్యారేజీ మూత బిగిస్తూ ఆగిపోయింది.

“ఎంత పక్కకి?”

“వేలెడు.”

“అమ్మని నేను ఏమేం అన్నానో మీరు విన్నారు కదా పిన్నీ.”

“విన్నాను.”

“అన్నీ విన్నారు.”

“అన్నీ విన్నాను.”

అది గోడ మీద తల్లి ఫోటో కేసి చూడలేదు. నా కేసీ చూడలేదు. క్యారేజీ సంచిలో పెట్టుకుంది, స్టవ్ ఆపింది, నేను బయటికొచ్చే దాకా ఆగి తలుపుకి తాళం వేసింది. ఇద్దరం రోడ్డు దాకా నడిచాం. లంకల బస్సొచ్చింది. ఎక్కింది. లోపల సీటు దొరికినట్టుంది, కిటికీలోంచి కనపడలేదు.

నేను తిరుగు బండిలో గూడెం వచ్చేశాను. పద్మ గుమ్మంలోనే ఉంది.

“చెప్పారా అండీ?”

“చెప్పాను.”

“ఏమన్నారు?”

“బడికెళ్లింది,” అన్నాను.